వైజాగ్‌లోనూ చలేస్తుంది: చలి ఓర్చుకోలేనివాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో అందరూ ఫ్యాన్ వేసుకుని పడుకుంటే, తాను మాత్రం దుప్పటి మీద దుప్పటి కప్పుకుని మునగదీసుకునే మనిషి దాదాపు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఈ పేజీ వాళ్ళ కోసం. నాకూ చలి ఎక్కువే. విశాఖలో ఉంటూ చలికాలం గట్టెక్కడం గురించి తెలిసినవాళ్ళు, బంధువులు, పక్క ఫ్లాట్ల వాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబులు ఒకచోట పెడుతున్నాను.

"వైజాగ్‌లో చలేంటి" అని అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నిజంగానే వణుకు వస్తోంది. ఇది నా భ్రమా?

కాదు. జనవరిలో తెల్లవారుజామున నగరంలో 17, 18 డిగ్రీలకు దిగడం మామూలే. పెందుర్తి, ఆనందపురం వైపు, అంటే సముద్రానికి దూరం జరిగేకొద్దీ ఇంకాస్త తగ్గుతుంది. ఢిల్లీవాళ్ళకి ఇది లెక్కలోకి రాకపోవచ్చు. మన ఒంటికి మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతే అలవాటు. ఇళ్ళు కూడా గాలి ఆడాలని కట్టుకున్నవే. పెద్ద కిటికీలు, పైన వెంటిలేటర్లు, కింద టైల్స్ లేదా గ్రానైట్. చలిని ఆపే ఏర్పాటు ఒక్కటీ ఉండదు.

ఇక అదే గదిలో పక్కవాళ్ళకి లేని చలి మీకే ఎందుకంటే, ఒంట్లో వేడి పుట్టేదీ నిలిచేదీ మనిషి మనిషికీ వేరు. కండ తక్కువ ఉంటే పుట్టే వేడి తక్కువ. చర్మం కింద కొవ్వు పలచగా ఉంటే ఆ వేడి త్వరగా పోతుంది. చలి తగలగానే గుండె, ఊపిరితిత్తుల లాంటి ముఖ్యమైన భాగాల వేడిని కాపాడటానికి శరీరం చేతులకి, కాళ్ళకి రక్తం తగ్గిస్తుంది. కొందరిలో, ముఖ్యంగా చాలామంది ఆడవాళ్ళలో, ఇది తొందరగా జరుగుతుంది. నిద్ర చాలకపోయినా, పొద్దున టిఫిన్ మానేసినా చలి ఎక్కువ అనిపిస్తుంది. దయచేసి ఎవరూ వాళ్ళని "సుకుమారం" అని వెక్కిరించకండి.

చిన్నప్పుడు ఇంత చలి ఉండేది కాదు. ఈ మధ్యే మొదలైంది. డాక్టర్‌కి చూపించాలా?

చూపించాలి. పుట్టినప్పటి నుంచి చలి మనిషి కావడం వేరు, ఏడాది రెండేళ్ళలో కొత్తగా చలి మనిషి అవడం వేరు. ఈ రెండో రకాన్ని స్వెటర్ కొని సరిపెట్టుకోకూడదు.

ముందు చూడాల్సింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13, గర్భిణులకి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. చలితో పాటు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, మొహం పాలిపోవడం ఉంటే ఈ పరీక్ష వాయిదా వేయొద్దు. ఐరన్ మాత్ర ఇస్తే దాన్ని టీ, కాఫీలతో వేసుకోకండి. అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది.

రెండోది థైరాయిడ్. అది మందగిస్తే చలి ఎక్కువవుతుంది, బరువు పెరుగుతుంది, చర్మం పొడిబారుతుంది, మలబద్ధకం ఉంటుంది, ఎప్పుడూ నీరసంగా ఉంటుంది. టీఎస్‌హెచ్ అనే చిన్న రక్త పరీక్షతో తేలిపోతుంది. ఇవి కాక షుగరు, బీ12 లోపం, బాగా బరువు తగ్గడం కూడా కారణాలు కావచ్చు. బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ రకం మాత్రలతో కొందరికి చేతులు కాళ్ళు చల్లబడతాయి. అలా అని మాత్ర మీరే ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి.

చలితో పాటు జ్వరం వచ్చి ఒళ్ళు గడగడ వణికిపోతే అది వేరే సంగతి. అప్పుడు మలేరియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటివి చూడాలి. ముఖ్యంగా ఏజెన్సీకి, అంటే మన్యం కొండ ప్రాంతాలకి వెళ్ళొచ్చిన తర్వాత వణుకుతో జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించుకోండి.

చల్లనీళ్ళు తగిలితే వేళ్ళు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారుతున్నాయి. ఇదీ మామూలు చలేనా?

దీన్ని రేనాడ్స్ అంటారు. వేళ్ళలోని సన్న రక్తనాళాలు అవసరానికి మించి బిగుసుకుపోతాయి. వేడి తగిలాక ఎర్రబడి తిమ్మిరెక్కి మళ్ళీ మామూలవుతాయి. చాలామందికి ప్రమాదం లేదు. కానీ ముప్పై దాటాక కొత్తగా వచ్చినా, వేలి చివర పుండ్లు పడినా, కీళ్ళ నొప్పులున్నా డాక్టర్‌కి చూపించాలి. అంట్లు తోమేటప్పుడు, ఫ్రిజ్‌లోంచి వస్తువులు తీసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. సిగరెట్ తాగేవాళ్ళయితే మానేయడమే పెద్ద మందు.

మందంగా ఉన్న స్వెటర్ వేసుకున్నా చలి ఆగట్లేదు. ఇంకా మందమైనది కొనాలా?

వద్దు. ఒంటిని వెచ్చగా ఉంచేది బట్టల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఒక మందపాటి స్వెటర్ కంటే లోపల ఒంటికి అతుక్కునే బనీను, దాని మీద ఫుల్ చేతుల చొక్కా, ఆ పైన పలచటి స్వెటర్ ఎక్కువ పనిచేస్తాయి. విశాఖకి ఇదే వీలు కూడా. పదకొండు గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది, అప్పుడు ఒక్కొక్కటీ తీసేయొచ్చు. చీర కట్టుకునేవాళ్ళు లోపల లెగ్గింగ్ వేసుకుంటే కాళ్ళకి ఎంత తేడా తెలుస్తుందో చెప్పలేను. జాకెట్టుకీ చీరకీ మధ్య నడుము దగ్గర చలి కొడుతుంది కాబట్టి శాలువా భుజాల మీద వేసి వదిలేయకుండా నడుము దాకా చుట్టుకోండి.

బట్ట పూర్తిగా ఆరిందో లేదో చూసుకోవడం అంతకంటే ముఖ్యం. మన ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ. సాయంత్రం మేడ మీద నుంచి తీయడం మర్చిపోయిన బట్టల మీద రాత్రి మంచు కురుస్తుంది. పొద్దున పట్టుకుంటే ఆరినట్టే ఉంటాయి, కానీ నడుం పట్టీ, చంక కుట్టు, జేబు అంచు చెమ్మగానే ఉంటాయి. ఆ చెమ్మ ఆరడానికి కావలసిన వేడి మీ ఒంట్లోంచే పోతుంది. కుట్ల దగ్గర పట్టి చూడండి, చల్లగా తగిలితే ఇస్త్రీ పెట్టె ఒకసారి తిప్పాకే వేసుకోండి.

రగ్గు కప్పుకున్నా రాత్రంతా వీపు చల్లగానే ఉంటోంది. ఏం చేయాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. చలి పైనుంచే వస్తుందని అందరూ పైన కప్పుకుంటూ పోతారు. నేల మీద, పలచటి పరుపు మీద పడుకునేవాళ్ళకి సగం చలి కిందనుంచి వస్తుంది. ఒంటి బరువుకి పరుపు అణిగిపోయి అందులో గాలి మిగలదు. టైల్స్, గ్రానైట్ ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటాయి. కాబట్టి రెండో రగ్గు కొనేముందు, ఉన్నదాన్ని కిందకి వేసి చూడండి.

బొంత ఉంటే అంతకు మించినది లేదు. మా అత్తగారు కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉంది. బాగా నలిగి మెత్తబడ్డ నేత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ తిరుగుతూ వరసగా కుట్లు వేశారు. పై పొర అక్కడక్కడ చిరిగి లోపలి చీర జరీ అంచు కనిపిస్తుంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య చిన్న ఉబ్బు ఉంటుంది, గాలి నిలిచేది అక్కడే. కొత్త ఫోమ్ పరుపు మీద కూడా దాన్నే పరుచుకుంటాను. ఇప్పటికీ పాత చీరలిస్తే బొంతలు కుట్టిపెట్టేవాళ్ళున్నారు. మీ వీధిలో అలాంటివాళ్ళు ఉంటే పని ఇవ్వండి, వాళ్ళకీ నాలుగు డబ్బులు.

ఫ్యాన్ సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్ళో చాలామంది చలికాలంలో ఫ్యాన్ వేసేది ఉక్కకి కాదు, దోమలకి. చలి మనిషి దాని కిందే పడుకుని నరకం చూస్తాడు. దోమతెర కట్టుకుంటే ఫ్యాన్ అక్కర్లేదు. పైగా తెర లోపల గాలి కదలిక తగ్గి కొంచెం వెచ్చగా ఉంటుంది. భార్యాభర్తల్లో ఒకరికి చలి, ఒకరికి ఉక్క అయితే ఒకే దుప్పటి కోసం గొడవపడకుండా చెరొకటీ తీసుకోండి.

పాదాలు మంచుముద్దల్లా ఉండి నిద్ర పట్టదు.

పడుకునే అరగంట ముందు గోరువెచ్చటి నీళ్ళలో పాదాలు పది నిమిషాలు ఉంచి, వేళ్ళ మధ్య బాగా తుడిచి, కొబ్బరి నూనె రాసి వదులుగా ఉండే కాటన్ సాక్సులు వేసుకోండి. బిగుతు సాక్సులు రక్తం ఆడనివ్వవు. పాదాలు వెచ్చబడితే నిద్ర కూడా తొందరగా వస్తుంది.

హాట్ వాటర్ బ్యాగ్ వాడేవాళ్ళు మరిగే నీళ్ళు పోయకండి. మూడింట రెండు వంతులు నింపి, గాలి బయటకి నొక్కేసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి పక్కలో పెట్టండి. మీరు పడుకునేటప్పుడు దాన్ని తీసేయండి. షుగరు ఉన్నవాళ్ళు పాదాలకి అసలు పెట్టుకోకూడదు. స్పర్శ తగ్గి ఉంటుంది, కాలుతున్నా తెలియదు, పొద్దునకి బొబ్బ. ఆ బొబ్బ మానడానికి నెలలు పట్టవచ్చు. నీళ్ళ వేడి కూడా పాదంతో కాకుండా మోచేతితో చూసుకోండి, లేదా ఇంట్లో ఇంకొకరిని చూడమనండి.

అయ్యప్ప మాల వేసుకోవాలని ఉంది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం తలచుకుంటేనే భయం. ఎలా?

మండలం రోజులు, పూటపూటా తలస్నానం, కటిక నేల మీద చాప. చలి మనిషికి కష్టమే, కానీ కొన్ని చిట్కాలతో తేలికవుతుంది. ట్యాంకు నీళ్ళు రాత్రంతా మేడ మీద చల్లబడి ఉంటాయి. బావి నీళ్ళు, అప్పుడే మోటార్ వేసి తోడిన బోరు నీళ్ళు అలా ఉండవు. నేల లోపల వేడి ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి చలికాలం పొద్దున అవి గోరువెచ్చగా తగులుతాయి. స్నానానికి ముందు పది నిమిషాలు మోటార్ వేసి, పైపులోంచి నేరుగా బకెట్ పట్టుకోండి.

మొదటి చెంబు తల మీద గుమ్మరించుకోకండి. పాదాలు, మోకాళ్ళు, చేతులు, భుజాలు, ఆ తర్వాత తల. ఒక్కసారిగా చన్నీళ్ళు పడితే గుండె వేగం, బీపీ ఉన్నట్టుండి పెరుగుతాయి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు మాల వేసుకునేముందు డాక్టర్‌ని, గురుస్వామిని ఇద్దరినీ అడగండి. ఆరోగ్యం బాగోని స్వాములకి గోరువెచ్చటి నీళ్ళకి గురుస్వాములు ఒప్పుకోవడం నేను చూశాను. స్నానం అవ్వగానే తుడుచుకుని పొడి బట్ట మార్చండి, తడి పంచెతో పూజలో కూర్చోకండి. చాప కింద ఇంకో చాప వేసుకోండి.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేసేవాళ్ళకీ ఇదే మాట. తెల్లవారుజామున సముద్రం నీళ్ళు బయటి గాలి కంటే వెచ్చగానే ఉంటాయి. చలి మొదలయ్యేది ఒడ్డుకి వచ్చాక, గాలికి. తువ్వాలు, పొడి బట్టలు పట్టుకుని ఒకరు ఒడ్డున నిలబడి ఉండాలి. అలల దగ్గర జాగ్రత్త, మన ఆర్కే బీచ్‌లో లాగుడు ఎక్కువ.

పొద్దున్నే బండి మీద డ్యూటీకి వెళ్ళాలి. చేతులు కొంకర్లు పోతున్నాయి.

బండి మీద చలి అంటే గాలే. స్వెటర్ అల్లికలోంచి గాలి దూసుకుపోతుంది కాబట్టి దాని మీద విండ్‌చీటర్ లేదా రెయిన్‌కోటు వేసుకోండి. ఏమీ లేకపోతే పాత పద్ధతి ఉంది, చొక్కా లోపల ఛాతీ మీద న్యూస్ పేపర్ మడిచి పెట్టుకోవడం. భలే పనిచేస్తుంది. గ్లౌజులు తప్పనిసరి, వేళ్ళు మొద్దుబారితే బ్రేకు సరిగ్గా పట్టలేరు. మంకీ క్యాప్ మీద హెల్మెట్ బిగుతుగా సరిగ్గా కూర్చోదు. పలచటి బట్ట ముసుగు లోపల వేసుకుని హెల్మెట్ పెట్టుకోండి.

చలి బయట కాదు, ఆఫీసు ఏసీలో. అడిగితే అందరికీ లేని సమస్య నీకేంటి అంటున్నారు.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూం ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. కరెంటు ఆదా కోసం పెట్టిందే అయినా మీ వాదనకి పనికొస్తుంది, ఆ మాట చెప్పి 24 అడగండి. సెంట్రల్ ఏసీ అయితే గాలి నేరుగా పడని సీటు అడగండి. అది కుదరకపోతే ఒక శాలువా, సాక్సులు డ్రాయర్‌లో శాశ్వతంగా ఉంచుకోండి. గంటకోసారి లేచి మెట్లు దిగి ఎక్కి రండి. కదిలే కండలే వేడి పుట్టిస్తాయి.

రూం హీటర్ కొనమంటారా?

విశాఖ నగరంలో ఉండేవాళ్ళకి అవసరం లేదనే నా అభిప్రాయం. రెండు వేల వాట్ల హీటర్ నాలుగు గంటలు నడిస్తే ఎనిమిది యూనిట్లు. మన కిటికీల సందుల్లోంచి ఆ వేడంతా బయటకి పోతుంది. మంచం పట్టిన పెద్దవాళ్ళు ఉంటే కొనండి. అప్పుడు కర్టెన్లకీ పరుపుకీ కనీసం మూడు అడుగుల దూరంలో పెట్టి, నిద్రపోయేముందు ఆపేయండి.

కుంపటి మాత్రం వద్దు. తలుపులు వేసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. గాలి ధారాళంగా ఆడే పాత పెంకుటిళ్ళలో చెల్లిందేమో కానీ, అల్యూమినియం కిటికీలు బిగించిన ఫ్లాట్లలో అది చావుతో చెలగాటం. బాత్రూం లోపల గ్యాస్ గీజర్ పెట్టుకున్నవాళ్ళకీ ఇదే ప్రమాదం, వెంటిలేటర్ ఎప్పుడూ మూయకండి. బకెట్‌లో రాడ్ పెట్టేవాళ్ళు స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టండి.

ఏం తింటే ఒళ్ళు వెచ్చబడుతుంది?

వేళకి తింటే. ఏ తిండి అయినా అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. పొద్దున వేడివేడి చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం మిరియాల చారు లేదా ఉలవ చారు, సాయంత్రం నువ్వుండ, రాత్రి పప్పు లేదా గుడ్డు తప్పకుండా ఉండేలా చూసుకోండి. అల్లం టీ, శొంఠి కాఫీ మంచివే. రోజుకి ఐదారు కప్పులు తాగి అన్నం తగ్గించేస్తే మాత్రం చలి ఇంకా పెరుగుతుంది. చలికాలంలో దాహం తెలియదు, నీళ్ళు గుర్తుపెట్టుకుని తాగండి.

పెగ్గేస్తే చలి పోతుందంటారు కదా?

పోయినట్టు అనిపిస్తుంది. మద్యం చర్మంలోని రక్తనాళాలని వెడల్పు చేస్తుంది, లోపలి వేడి చర్మానికి వచ్చి గాలిలో కలిసిపోతుంది. మొహం వెచ్చగా ఉంటుంది, ఒళ్ళు లోపల చల్లబడుతుంది. పైగా వణుకు తగ్గి, చలి తెలియడం కూడా తగ్గుతుంది.

పసిబిడ్డకి ఎన్ని బట్టలు వేయాలి?

మీకు వేసుకోవాలనిపించిన వాటి కంటే ఒక్క పొర ఎక్కువ. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి, పొట్ట మీద గానీ మెడ వెనక గానీ తాకి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే బిడ్డ బాగున్నట్టే, చెమట ఉంటే ఒక పొర తీయాలి. పడుకోబెట్టినప్పుడు మొహం మీదకి జరిగే దుప్పట్లు, దిళ్ళు వద్దు. నెల తక్కువ బిడ్డని తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్ళు ఆనించి పెట్టుకుని పైన శాలువా కప్పితే అంతకన్నా వెచ్చటి చోటు లేదు. నాన్న ఛాతీ అయినా సరే. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం మానండి, ఆ ఊపిరితిత్తులు చాలా లేతవి.

మా నాన్నగారికి డెబ్భై దాటాయి. బీచ్ రోడ్డు వాకింగ్ మాననంటున్నారు.

మాన్పించకండి, టైము మార్పించండి. జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు. ఎండ వచ్చాకే బయల్దేరమనండి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. అదీ కాక నగరం ఒకవైపు కైలాస కొండలు, ఇంకోవైపు యారాడ కొండల మధ్య గిన్నెలా ఉంటుంది, చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము కిందే నిలిచిపోతాయి. ఎండ పడ్డాక గాలి పైకి కదిలి కాస్త తేటపడుతుంది. తలకి మఫ్లర్, కాళ్ళకి సాక్సుతో బూట్లు. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు ఉంటే అక్కడే ఆగి ఇంటికి ఫోన్ చేయమని గట్టిగా చెప్పండి.

వయసు పెరిగేకొద్దీ చలి తగులుతున్న సంగతే సరిగ్గా తెలియదు. "నాకు చలేం లేదు" అన్నా చెయ్యి పట్టుకుని చూడండి.

లంబసింగి వెళ్తున్నాం. నాలాంటి చలి మనిషి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, సరైన సరంజామాతో. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. అది కాక, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే కొండల మీద చల్లబడ్డ బరువైన గాలి లోయలోకి జారి అక్కడే మడుగు కడుతుంది. సముద్రం వెచ్చదనం అక్కడికి అందదు. అందుకే నగరంలో 18 ఉన్న రోజున అక్కడ ఐదు డిగ్రీల లోపుకి కూడా పడిపోతుంటుంది.

నర్సీపట్నం నుంచి అర్ధరాత్రి దాటాక బైకుల మీద ఘాట్ ఎక్కే కుర్రాళ్ళని చూస్తే నాకు టెన్షన్. పలచటి హుడీ, చెప్పులు! వెళ్తే కారులో వెళ్ళండి. లోపల థర్మల్స్, ఉన్ని సాక్సులు రెండు జతలు, గ్లౌజులు, చెవులు మూసే టోపీ, ఫ్లాస్కులో వేడి టీ. మంచులో తిరిగితే బట్టలు చెమ్మగిల్లుతాయి కాబట్టి ఒక పొడి జత వేరే కవర్‌లో. టెంటులోకి నిప్పుల బాణలి తెచ్చుకోవద్దు, కారు ఇంజన్ ఆన్‌లో పెట్టి అద్దాలు మూసి పడుకోవద్దు. రెండూ కుంపటి ప్రమాదమే.

మీ గుంపులో ఎవరైనా బాగా వణికి వణికి ఉన్నట్టుండి వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తూ, తూలుతూ, మగతగా ఉంటే తగ్గిందనుకోకండి. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే దిగుతోందని అర్థం. తడి బట్టలు విప్పించి, పొడి దుప్పట్లు చుట్టి, తల కప్పి, మెలకువగా ఉంటే తియ్యటి వేడి పాలు గుక్క గుక్కగా పట్టండి. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దకండి, మంట దగ్గరికి లాక్కెళ్ళకండి. 108కి ఫోన్ చేయండి.

స్వెటర్లు ఎప్పుడు లోపల పెట్టేయాలి?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు, మన ఊళ్ళో అంతకంటే ముందే సర్దుకుంటుంది. పెట్టేముందు చల్లనీళ్ళలో మెల్లగా ఉతికి, పిండకుండా, దండెం మీద వేలాడదీయకుండా బల్ల మీద పరిచి ఆరబెట్టండి. రెండు ఎండలు బాగా తగలనిచ్చాకే మూటగట్టండి, చెమ్మ మిగిలితే మన తేమకి వర్షాకాలంలోనే బూజు పడుతుంది. కలరా ఉండలు బట్టకి నేరుగా తగలకుండా కాగితంలో చుట్టి పెట్టండి, పసిపిల్లల బట్టల్లో మాత్రం అసలు వేయకండి. వాళ్ళవాటికి ఎండిన వేపాకు చాలు.